టైపు మేడం గారు, పదిహేడు సున్నాలు

నలభై నిండకుండానే నాకు కళ్లజోడు వచ్చింది. దీని మీద నాకు బోలెడంత కోపం ఉంది గానీ, చూపించడానికి తగిన మనిషి ఎవరూ దొరక్క కళ్లజోళ్ల షాపతని మీదే చూపించాను. నర్సీపట్నం మెయిన్ రోడ్డులో చిన్న షాపు. అతను నా చీటీ వైపు చూడకుండా, ఫ్రేములు సర్దుకుంటూ, "పవర్ ఎంతండీ?" అన్నాడు.

"ప్లస్. ఒకటి," అన్నాను విసురుగా.

అతను చేతిలో ఫ్రేము అలాగే పట్టుకుని నా మొహంలోకి చూశాడు. "మీరు టైపు మేడం గారి దగ్గర సదువుకున్నారేటండీ?"

"మీకెలా తెలిసింది?"

"ఎవరైనా ఒకటి అంటారండీ. లేదంటే ప్లస్ ఒన్ అనీసి ఊరుకుంటారు. ప్లస్ అని ఆగి, ఊపిరి పీల్చుకుని, అప్పుడు అంకె సెప్పీవోళ్లు ఈ ఊళ్లో ఆవిడ శిష్యులేనండి. మా ఇంటావిడా అంతే. రెండు పెరుగు పేకెట్లు కావాలన్నా ముందు ప్లస్సంటాది."

నా కోపం అక్కడితో సరి. ఇద్దరం ఒకటే నవ్వు. వెనక నిలబడ్డ ముసలాయన, ఈ వయసులో జోడు వచ్చినందుకు ఈవిడకింత సంతోషమేమిటా అన్నట్టు చూశాడు.

మేడం గారు పోయి రెండేళ్లు దాటింది. ఆ వేళ నేను ఊళ్లో లేను, ఆఖరి చూపుకి అందలేదు. ఆ బాధ నాకు ఉండిపోయింది. కానీ ఆవిడని తలుచుకుని ఎవరూ ఎక్కువసేపు ఏడవలేరు, మధ్యలో ఎక్కడో ఒకచోట నవ్వొచ్చేస్తుంది. ఆవిడ గురించి రాయడమంటే నా తప్పు గురించి కూడా రాయడమే. ఇరవై ఏళ్ల వయసులో నేను రాసిన చిన్న ప్రోగ్రాం వల్ల, జీడిపప్పు పొట్టు తీసి బతికే ఒక మనిషికి కూర్చున్న చోటు పోబోయింది. పోకుండా చూసింది మేడం గారు. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

ఆవిడకి చక్కటి పేరు ఉంది. ఊళ్లో ఎవరికీ దాంతో పని పడలేదు. మొదట్లో ఆ మేడ మీద గది టైపు ఇన్‌స్టిట్యూటు. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆవిడ టైపు మేడం గారే. మేం చేరేనాటికి ఆవిడకి యాభై ఉంటాయేమో. మిషన్ చర్చి కుటుంబం. చర్చిలో మార్చిన పాత కర్టెన్లు తెచ్చుకుని కంప్యూటర్లకి తనే ముసుగులు కుట్టారు. పొద్దున్న వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి, ముసుగు తీసి, నాలుగు మడతలు పెట్టాకే స్విచ్ వెయ్యాలి. మడత వంకరైతే మళ్లీ మొదట్నించీ.

స్విచ్ వేసేముందు ప్రార్థన ఉండేది. ఒక్క ముక్క. "ప్రభువా, కరెంటు పోకుండా సూడు. పోయినా ఈళ్ల బుర్రలు ఆరిపోకుండా సూడు." మాది రోలుగుంట దగ్గర చెరకు వేసుకునే ఇల్లు. మా ఇంట్లో ఎవరూ చర్చి మెట్టు ఎక్కినవాళ్లు కారు. అయినా ఆ గదిలో అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే. బస్సులో ముప్పావుగంట నిలబడి వస్తే వచ్చిన పావుగంటకే కరెంటు పోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

టైపు నేర్పిన చెవులు కదా, మా వేళ్ల చప్పుడు బట్టే మా సంగతి కనిపెట్టేవారు. అటు తిరిగి ఎవరికో ఏదో చెబుతూనే, "ఆ మూల ఎవరది, అన్నిసార్లు ఎనక్కి కొడతన్నారు? మా మిషన్ల మీద ఎనక్కి కొట్టి సెరపడానికి లేదు తెలుసా. ఆలోసించి కొట్టండి," అనేవారు. అది ఎప్పుడూ నేనే.

బాగున్నావా అని ఆవిడ ఎవరినీ అడగలేదు. గుమ్మంలో కనబడగానే, "ఈ రోజు ప్లస్సా, మైనస్సా?" అనేవారు. ఊరికే ప్లస్ అంటే ఊరుకోరు. ఎంతో చెప్పాలి. చుక్క తర్వాత అంకెతో సహా చెప్పాలి. ముందు గుర్తు, తర్వాత అంకె. ఆ వరస తప్పితే గుమ్మంలోనే నిలబెట్టేవారు.

"మైనస్. ఒకటిన్నర మేడం," అన్నానొకరోజు.

"ఎందుకంట?"

"బస్సులో ఎవరో కాలు తొక్కీసారండీ."

"కాలు తొక్కితే ఒకటిన్నరేటి? ఏలు ఇరిగిందా?"

"లేదండీ."

"అయితే సగం సాలు. మిగిలిన ఒకటీ దాసుకో, ముందు ముందు పనికొస్తాది."

ఇలా బేరాలాడేవారు. రావికమతం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. నోట్లోంచి మాట రాదు. రోజూ "ప్లస్. ఒకటి," అని వెళ్లి కూర్చునేది. ఒకనాడు ఆ అమ్మాయి, "మైనస్. పాయింట్ రెండు," అంది. మేడం గారు చేతిలో సుద్దముక్క పక్కన పెట్టేశారు. ఆ అమ్మాయిని వరండాలోకి తీసుకెళ్లి, కింద హోటల్ నుంచి టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. క్లాసు అరగంట ఆగింది. నాకు ఒళ్లు మండింది. నా ఒకటిన్నరకి బేరం, ఆ పిల్ల పాయింట్ రెండుకి టీనా అని తర్వాత అడిగేశాను.

"నువ్వు ఒకటిన్నరని పళ్లికిలించి సెప్పావు," అన్నారు. "ఆ పిల్ల కూసుని కొలుసుకుని మరీ వొచ్చింది. కొలుసుకుని వొచ్చినోళ్ల మాట నమ్మాలి."

ఇప్పుడు నేనూ పాఠాలు చెప్పుకునే బతుకుతున్నాను. పిల్లలు వచ్చి ఏదైనా చెప్పుకుంటే నాకు ఆ మాటే ముందు వినబడుతుంది.

కరెంటు పోయిన రోజున మాకు అసలు పాఠాలు జరిగేవి. "ప్రభువు ఈ రోజు నడిసి నేర్సుకోమన్నాడు, లెగండి," అనేవారు. ఒక దశాంశ సంఖ్య ఇస్తే దాని గుర్తు ఏమిటో ప్రోగ్రాం చెప్పాలి, ప్లస్సా, మైనస్సా, సున్నానా. ఇంతే పాఠం. గది గచ్చు మీద సుద్దతో అడుగుకో గీత గీశారు. బయట వరండాలోనూ అడుగుకో గీత. గది గడప సున్నా. లోపలివైపు ప్లస్, వరండావైపు మైనస్. మా అందరికీ తలో చీటీ. చీటీలో ఉన్న అంకె దగ్గరికి వెళ్లి నిలబడాలి. రెండున్నర వచ్చినవాడు లోపల రెండో గీతకీ మూడో గీతకీ మధ్య నిలబడ్డాడు. మైనస్ ఆరు వచ్చిన నేను వరండా చివర, చల్లగాలికి రోడ్డు మీద బళ్లు చూసుకుంటూ నిలబడ్డాను.

ఒకడికి మైనస్ పాయింట్ ఒకటి వచ్చింది. వాడు బయట గడపని ఆనుకుని నిలబడి, దాని మీదకి ఒక కాలు వేశాడు. మేడం గారు స్కేలుతో ఆ కాలి మీద ఒకటిచ్చారు.

"గడప తొక్కుతావేటి? మీ ఇంట్లో తొక్కనిస్తారా? మా అమ్మయితే కాళ్లిరగ్గొట్టేది. సున్నా మీద ఎవరూ నిలబడకూడదు."

"ఇంచుమించు సున్నానే కద మేడం. ఇంత దగ్గరున్నాను."

ఆవిడ తలుపు వేసేసి లోపల గడియ పెట్టారు. కాసేపటికి బయటినుంచి వాడు తలుపు కొట్టాడు.

"ఎక్కడున్నావు?" అని లోపల్నించి కేకేశారు.

"బయటున్నాను మేడం."

"ఇంచుమించు బయటా, బయటేనా?"

"బయటే మేడం!"

గడియ తీసి, వాడికి ముందు మంచినీళ్లిచ్చి, అప్పుడు మా అందరితో నోట్సు రాయించారు. "అడగాల్సినవి రెండే ప్రశ్నలు. సున్నా కన్నా పెద్దదా అని అడుగు. అవునంటే ప్లస్. కాదంటే, సున్నా కన్నా చిన్నదా అని అడుగు. అవునంటే మైనస్. రెండిటికీ కాదన్నప్పుడే సున్నా అను. ఎవరినీ ముందే సున్నా అనీయకండి." ఈ నాలుగు ముక్కలూ నేను గుండ్రటి అక్షరాలతో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీశాను. అంత శ్రద్ధగా గీసిన మనిషిని తర్వాత ఏం చేశానో వినండి.

ఆ ఏడు మేడం గారి చర్చి హాల్లో కంటి పరీక్షల శిబిరం పెట్టారు. విశాఖపట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వచ్చారు. మనిషికో చీటీ. దాని మీద పేరు, ఊరు, ఒక అంకె. ప్లస్ అయితే దగ్గర చూపుకి కళ్లజోడు కావాలి, మైనస్ అయితే దూరపు చూపుకి, సున్నా అయితే అక్కర్లేదు. రెండు కళ్లకీ రెండు అంకెలు వచ్చినవాళ్లని డాక్టర్లే వేరే పుస్తకంలో రాసుకున్నారు. మిగిలిన చీటీల కట్ట చూసి పాస్టరు గారు బెంగపడుతుంటే మేడం గారు, "మా పిల్లలున్నారు కదండీ, కంప్యూటర్లో ఎక్కించి మూడు లిస్టులు తీసిచ్చేస్తారు," అనేశారు. ఆ పిల్లల్లో ప్రోగ్రాం రాసే పని నాకిచ్చారు. నేను ఆ వారమంతా నేల మీద నడవలేదు.

గుర్తు కనిపెట్టే ముక్క మళ్లీ కొత్తగా రాయాలి. నాకు బద్ధకమేసింది. మొదటి నెలలో, ఇంకా దశాంశాల సంగతి రాకముందు, పూర్ణాంకాల కోసం రాసుకున్న ముక్క ఒకటి నా దగ్గర ఉంది. దాన్నే తెచ్చి అతికించాను. పూర్ణాంకాల డబ్బాలో దశాంశం పోస్తే, చుక్క తర్వాతది ఎంతున్నా కంప్యూటర్ చప్పుడు చెయ్యకుండా కోసి అవతల పడేస్తుంది. మైనస్ ఒకటింబావు వేస్తే మైనస్ ఒకటి మిగులుతుంది, గుర్తుకేమీ కాదు. మైనస్ ముప్పావు వేస్తే సున్నా మిగులుతుంది. ప్లస్ ముప్పావు వేసినా సున్నాయే. నాకు ఇదేమీ తోచలేదు.

మేడం గారు సరిచూశారు. ఆ సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసుకి వేళైపోతోంది. సంచీ భుజాన వేసుకుని, నిలబడే, ప్లస్ రెండు కొట్టారు. ప్లస్ అంది. మైనస్ మూడు కొట్టారు. మైనస్ అంది. సున్నా కొడితే సున్నా అంది. "బంగారుకొండవి," అని నా నెత్తి మీద తట్టి వెళ్లిపోయారు.

లిస్టులు చర్చి గోడకి అంటించాం. మాతోపాటు మేడం గారు కూడా శిబిరంలో పరీక్ష చేయించుకున్నారు. దూరంగా వచ్చే బస్సు బోర్డు చదవలేక ఆవిడ ఎన్నోసార్లు వేరే ఊరి బస్సెక్కి దిగారు. కళ్లజోడు మాట ఎత్తితే మాత్రం, "బస్సు బోర్డులు సిన్నవి రాయిస్తన్నారు," అనేవారు. అలాంటిది గోడ మీద ఆవిడ పేరు సున్నా లిస్టులో వచ్చింది. ఇంక ఆవిడ సంతోషం పట్టలేకపోయాం. "యాభై ఏళ్లకి సున్నా! సూశారా?" అని వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ చెప్పి, మాకందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించారు. నేను నాలుగు తిన్నాను.

కళ్లజోళ్లు తయారై రెండు వారాలకి డాక్టర్లతో పాటు వ్యానులో వచ్చాయి. హాలు నిండా జనం. లిస్టు చూసి పేర్లు పిలిచే బల్ల దగ్గర నేను కూర్చున్నాను. పదకొండు గంటలప్పుడు బలిఘట్టం నుంచి వరాలమ్మ అనే ఆమె వచ్చింది. నలభై పైనుంటాయి. చేతివేళ్లు మాడినట్టు నల్లగా ఉన్నాయి. పేరు చెప్పింది. చూశాను. సున్నా లిస్టులో ఉంది.

"మీకు కళ్లజోడు అక్కర్లేదండీ. సున్నా వచ్చింది."

"సున్నా ఎలాగొస్తాదమ్మా? నాను జీడిపప్పు షెడ్డులో పొట్టు తీత్తాను. నా పప్పుకి పొట్టు మిగిలిపోతందని మేస్త్రి పన్లోంచి తీసీత్తానంటన్నాడు. ఆ డాక్టరుబాబు అద్దాలెట్టినప్పుడు నా సీర మీద పోగులు కూడా కనపడ్డాయి. ఇంకోపాలి సూడమ్మా."

వెనక వరస పెద్దదవుతోంది. నేను రాసిన ప్రోగ్రాం, మేడం గారు సరిచూసిన ప్రోగ్రాం. "కంప్యూటర్ తప్పు చెప్పదండీ," అన్నాను.

"గంట పర్మిసను మీదొచ్చాను, పోతాన్లే," అని వెళ్లిపోయింది. నేను తర్వాతి పేరు పిలిచాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మేడం గారు పక్కన పిల్లల చేత నీళ్లు పంచిపెట్టిస్తున్నారు. ఆ మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. గబగబా వచ్చి, "అద్దాలు పెడితే పోగులు కనపడ్డాయందా? అయితే కొలిసి వొచ్చిన మనిషే. ఆవిడ సీటీ తియ్," అన్నారు.

కట్టలోంచి వరాలమ్మ చీటీ తీశాను. ప్లస్ పాయింట్ డెబ్బై అయిదు అని డాక్టరు నల్ల సిరాతో స్పష్టంగా రాశాడు.

మేడం గారు ఆ చీటీని ఒకసారి చూసి, నా వైపు ఒకసారి చూశారు. "సున్నాలవన్నీ తియ్," అన్నారు. ఇద్దరం నేల మీద కూర్చుని సున్నా లిస్టులోని చీటీలన్నీ ఒక్కొక్కటీ చూశాం. నిజంగా సున్నా ఉన్నవి అటు, పావూ అరా ముప్పావూ ఉన్నవి ఇటు. ఇటువైపు పదిహేడు తేలాయి. పదిహేడో చీటీ చదివి నేను ఆవిడకి ఇవ్వకుండా చేతిలో పట్టుకున్నాను. ఆవిడే లాక్కున్నారు. మైనస్ పాయింట్ డెబ్బై అయిదు. పేరు మేడం గారిది.

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమో అనుకుని నేను భయపడ్డాను. నవ్వుతున్నారు.

"బజ్జీలు కూడా పెట్టీసాను కదే!" అన్నారు. "ఊరందర్నీ ప్రశ్నలడిగాను. నాకు సున్నా వొస్తే మాత్రం అడగలేదు సూడు. ముద్దొచ్చింది కదా, ఎందుకడుగుతాను?"

నాకు నవ్వు రాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. "నేను పాత ముక్క అతికించానండీ," అన్నాను. ఎలా చేశానో చెప్పాను. ఆవిడకి అర్థం కావడానికి క్షణం పట్టలేదు.

"గడపకి దగ్గరున్నోళ్లందర్నీ సున్నా కిందకి తోసీసావు. నేను నిలబడి రెండూ మూడూ కొట్టి సూశాను, పాయింట్ ఒకటి కొట్టలేదు. రాసిన తప్పు నీది, సూడని తప్పు నాది. ఏడుపు తరవాత. బేగి లెగు."

లేచి తిన్నగా మైకు దగ్గరికి వెళ్లారు. పాస్టరు గారి చేతిలోంచి మైకు తీసుకుని, "అందరూ ఒక్క నిమిసం ఇనండి. మా ప్రోగ్రాం తప్పు. పదిహేడు మందికి అద్దాలు కావాలంటే అక్కర్లేదని సెప్పీసాం. సరిసూసింది నేను. నన్ను తిట్టుకోండి, కానీ ముందు ఆళ్లని ఎతకడానికి సాయం సెయ్యండి," అన్నారు. హాల్లో ఉన్న తన పాత విద్యార్థులు, సంఘం వాళ్లు, మాలాంటి పిల్లలు, అందరి ముందూ అంత మామూలుగా అన్నారు. అంత గొప్ప మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వ్యానులో రెడీమేడ్ కళ్లజోళ్ల పెట్టె ఒకటి ఉందనీ, చిన్న పవర్లు అందులో ఉంటాయనీ డాక్టర్లు చెప్పారు. కాకపోతే మనిషి ఎదురుగా కూర్చుంటేనే ఇస్తారు. నాలుగింటికి వ్యాను వెళ్లిపోతుంది. అప్పటికి పన్నెండు కావస్తోంది. చీటీలు పంచుకున్నారు. రావికమతం వైపు ఆ మాట్లాడని అమ్మాయి ఆటో ఎక్కింది. మిగతావాళ్లు సైకిళ్ల మీద, బస్సుల మీద బయల్దేరారు. మేడం గారు వరాలమ్మ చీటీ జాకెట్లో దోపుకుని తన మోపెడ్ తీశారు. నన్ను వెనక ఎక్కమన్నారు.

ఆ మోపెడ్ ప్రయాణం నా జన్మలో మరవను. మైనస్ ముప్పావు అని తెలిసిన తర్వాత ఆవిడ వెనక కూర్చోవడం అదే మొదటిసారి. "అదిగో గేదండీ," అని నేను కేక వేసినప్పుడల్లా, "కనపడతంది, అది ప్లస్సే," అని ఆవిడ హారన్ కొట్టేవారు. నేను భయానికి వణుకుతున్నానో, నవ్వుకి వణుకుతున్నానో నాకే తెలియలేదు.

రోలుగుంట రోడ్డులో జీడిపప్పు షెడ్డు. లోపల వరసగా ఆడవాళ్లు, ఒక్కొక్కరి ముందు ఒక్కో పళ్లెం. వేడి మీద ఎండబెట్టిన పప్పుకి ఎర్రటి పొర పట్టి ఉంటుంది. చిన్న కత్తితో, గోళ్లతో ఆ పొట్టు తియ్యాలి. పప్పు విరక్కూడదు, పొట్టు మిగలకూడదు. చివర్న వరాలమ్మ పప్పుని మొహానికి దూరంగా పట్టుకుని కళ్లు చికిలించి చూస్తోంది.

మేడం గారు మేస్త్రికి సంగతంతా చెప్పారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, కానీ పని దగ్గర గట్టివాడు.

"గంట పర్మిసనిచ్చానండి, అయిపోయింది. మళ్లీ పంపితే ఆ చోటు కాళీ. బయట నలుగురు ఎదురుసూస్తన్నారు. ఈవిడ పప్పుకి పొట్టు మిగిలిపోతంది. ఈ రోజు పళ్లెం శుభ్రంగా లేకపోతే రేపట్నుంచి రావొద్దని సెప్పీసాను కూడా."

"చోటు కాళీగా ఉండదండీ," అన్నారు మేడం గారు. "ఈ పిల్ల కూసుంటాది. ఇరవై ఏళ్ల కళ్లు. శుభ్రమైన సున్నా."

నన్ను అడగనైనా అడగలేదు. వరాలమ్మని మోపెడ్ ఎక్కించుకుని వెళ్లిపోయారు. ఆమె వెళుతూ వెళుతూ నా వైపు చూసిన చూపు, బల్ల దగ్గర ఉన్న పిల్లే కదా అని పోల్చుకున్న చూపు.

రెండున్నర గంటలు కూర్చున్నాను. మొదటి పప్పు రెండు ముక్కలైంది. రెండోది మూడైంది. పొట్టు గోళ్లలోకి పోయి మంట. పక్కన కూర్చున్న ముసలమ్మ వినోదం చూస్తున్నట్టు చూసి, "ఏటి సదువుతన్నావు పాపా?" అంది. కంప్యూటర్ అన్నాను. "అంతేగావాల," అంది. షెడ్డంతా పకపకలు. నాకూ నవ్వొచ్చింది. కానీ పళ్లెం చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. ఇది సాయంత్రం వరాలమ్మ పళ్లెంగా మేస్త్రి ముందుకి వెళుతుంది. ఒకసారి నా ప్రోగ్రాం ఆమె నోటి కాడ కూడు తీయబోయింది. ఇప్పుడు నా వేళ్లు అదే పని చేస్తున్నాయి.

మూడు గంటలకి మోపెడ్ చప్పుడైంది. ముందు మేడం గారు వచ్చారు, ముక్కు మీద నల్ల ఫ్రేము. "నాతో కలిపి పదహారు మంది వొచ్చీసారు. ఒకాయన పెళ్లికి ఎళ్లాడంట, బతిమాలితే ఆయనది డాక్టర్లు నా కాడ ఉంచారు," అని నాకు చెప్పి, తలెత్తి షెడ్డు చివరి గోడ మీద రాసి ఉన్న జాగ్రత్తలన్నీ పైకి చదవడం మొదలుపెట్టారు. అన్నీ చదివారు. ఎవరూ ఆపలేదు.

వరాలమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కళ్లజోడు చెవులకి కొత్త, చేత్తో సర్దుకుంటోంది. నా పళ్లెంలోంచి ఒక పప్పు తీసి కళ్ల ముందు పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఏటమ్మా ఇది? నొక్కులో పొట్టు అలాగే ఉంది."

ఆ పొట్టు తీసేసి ఇంకోటి అందుకుంది. "దీనికీ ఉంది." ఇంకోటి. "దీనికీనూ." ఆమె వేళ్లకి వేగం వచ్చింది. పొట్టు ఎక్కడుందో నాకు కనబడేలోపే అది ఆమె కత్తి మొన మీద ఉండేది. మేస్త్రి వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె చూపించిన పప్పు ఒకటి తీసుకుని, వెలుగులోకి పట్టుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకి కూడా వెంటనే కనబడలేదు.

"అవును, ఉంది," అన్నాడు. పప్పు మళ్లీ పళ్లెంలో వేసి, "రేపు ఎనిమిదింటికి రా," అన్నాడు.

రోజూ చెప్పే మాటే కాబోలు. షెడ్డులో కత్తులన్నీ ఒక్కసారి ఆగాయి. వరాలమ్మ తలెత్తకుండా, "అలాగేనండి," అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి మేడం గారు వద్దనలేదు.

లేవబోతుంటే వరాలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. విరిగిన పప్పుల కుప్పని, పొట్టు మిగిలిన పప్పుల కుప్పని చూసి, నా మొహం చూసి, చాలా దిగులుగా అడిగింది.

"నీకెంతొచ్చిందమ్మా, ఆ లిస్టులో?"

"సున్నా అండీ."

"ఇంకోపాలి సూపించుకో తల్లీ," అంది. "ఆ కంప్యూటర్ని నమ్మకు."

షెడ్డంతా గొల్లుమంది. మేడం గారు కొత్త కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, తలుపుకి ఆనుకుని నవ్వుతూనే ఉన్నారు.